ఫుల్ న్యూసెన్స్

మా అమ్మ నన్ను పేరు పెట్టి పిలిచిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. జడ వేస్తుంటే తల కదిపినా, అన్నంలో కరివేపాకు ఏరి పక్కన పెట్టినా, బడి నుంచి రాగానే కొంగు పట్టుకుని వెనకాలే తిరిగినా ఒకటే మాట: "అబ్బ, నీతో పెద్ద న్యూసెన్స్ అయిపోయిందే నాకు!" పక్కింటావిడ వచ్చి "మీ అమ్మాయి చక్కగా ఉంటుందండీ" అందంటే ఇక చూడాలి. "ఏం చక్కదనంలెండి, ఒట్టి న్యూసెన్స్" అని అక్కడికక్కడే కొట్టిపారేసేది. మెచ్చుకుంటే దిష్టి తగులుతుందని భయం. ముద్దొచ్చినవాళ్ళని తిట్టాలి. ఇంకా ముద్దొస్తే ఇంకాస్త గట్టిగా తిట్టాలి. మా ఇంట్లో పద్ధతి అది.

ఆ ఇంగ్లీషు ముక్క బాపట్లలో మా వీధిలోకి ఎలా వచ్చిపడిందో తెలీదు. తాగి రోడ్డు మీద అరిచేవాళ్ళ మీద పోలీసులు న్యూసెన్స్ కేసు పెడతారని మాత్రం విన్నాం. అది వాళ్ళ గొడవ. మాకు మాత్రం అది ఇంట్లో మాట, ఉప్పూ పప్పూ లాంటి మాట. ఆస్ట్రేలియాలో ఆ మాట కౌన్సిల్ వాళ్ళ, అంటే మున్సిపాలిటీ వాళ్ళ, రూల్సులో అచ్చయి ఉంటుందని నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. తెలిసేసరికి నా నోటి పుణ్యమా అని ఒక పెద్దమనిషి తేనెపెట్టెలు పోయే పరిస్థితి వచ్చింది.

అవి వైటూకే రోజులు. రెండు వేల సంవత్సరం వస్తే అది ఏ సంవత్సరమో కంప్యూటర్లకి తెలీదట, బ్యాంకులూ విమానాలూ ఎక్కడివక్కడ ఆగిపోతాయట. దాన్ని ఆపడానికి మా వైపు నుంచి ఎంతమంది విమానాలెక్కారో! వాళ్ళలో మా ఆయన ఒకరు. సిడ్నీ అనుకుని నేను పట్టుచీరలు సర్దుకున్నాను. తీరా చూస్తే టూవూంబా. పేరు చెప్తే మా అమ్మ ఫోనులో "అదేం పేరే, ఎవరో బూర ఊదినట్టు" అని నవ్వింది. కొండ మీద ఊరు. ఎక్కడ చూసినా తోటలు, పూలు, వెడల్పాటి రోడ్లు. రోడ్డు మీద మనిషి మాత్రం కనపడడు. అందరూ కార్లలో ఉంటారు.

మేం అద్దెకు తీసుకున్నది చెక్క ఇల్లు. ముందు చిన్న వరండా, వెనక పొడుగాటి దొడ్డి. మా ఆయన పొద్దున్నే కారు తీసుకుని ఆఫీసుకి వెళ్తే మళ్ళీ చీకటి పడ్డాకే రావడం. వచ్చాక కూడా ఆ పాత ప్రోగ్రాముల ధ్యాసే. కంచం ముందు కూర్చుని గోడకేసి చూస్తూ తింటారు. "కూర ఎలా ఉందండీ?" అంటే "ఆఁ" అంటారు. ఆ "ఆఁ" మంచికో చెడుకో తెలుసుకునే మార్గం లేదు.

నాకు కారు నడపడం రాదు, ఉద్యోగం లేదు, టీవీలో వాళ్ళు మాట్లాడేది సగం అర్థం కాదు. పోనీ మనుషులు చెడ్డవాళ్ళా అంటే అదీ కాదు. అందరూ మర్యాదస్తులే. నన్ను చంపింది ఆ మర్యాదే. కొట్లో అమ్మాయి "హౌ ఆర్ యూ, లవ్?" అంటుంది. జవాబిచ్చేలోపు నా వెనకున్నావిడని కూడా అదే అడుగుతుంది. కూరగాయల దగ్గర బేరం లేదు. పాలవాడితో నీళ్ళ గొడవ లేదు. మెట్ల మీద చెత్త వేశారని పైవాటాలో వాళ్ళతో తగువు లేదు, అసలు పైవాటానే లేదు. గట్టిగా ఒక్క మాటన్నా అనేవాళ్ళు లేరు, అనిపించుకునేవాళ్ళు లేరు. పొద్దుట్నించి సాయంత్రం దాకా నా గొంతు నేనే వినలేదని, ఒకరోజు స్టౌ మీద పాలు పొంగి "అయ్యయ్యో" అని అరిచినప్పుడు తెలిసింది. ఆ అరుపుకి నేనే ఉలిక్కిపడ్డాను.

దొడ్లో కుళాయి ఒకటి కారుతుండేది. నీళ్ళు వృథాగా పోతుంటే చూడలేక కింద స్టీలు పళ్ళెం పెట్టాను. పెళ్ళికి అమ్మ ఇచ్చిన పళ్ళెం, అంచు మీద అమ్మ పేరు చెక్కించి ఉంది. అక్కడ సంవత్సరం చివరే వేసవి, ఎండలు ముదురుతున్న రోజులు. ఒక మధ్యాహ్నం బట్టలు ఆరెయ్యడానికి వెళ్ళేసరికి పళ్ళెం నిండా తేనెటీగలు! బకెట్టు అక్కడే పారేసి, "ఓరి నాయనోయ్" అని కేక పెట్టి వంటింట్లోకి పరిగెత్తాను.

కాసేపటికి కంచె అవతల నుంచి ఒక తెల్లటి తల లేచింది. పక్కింటి ముసలాయన. అంతవరకూ చెయ్యి ఊపడమే తప్ప మాట లేదు.

"వాటిని అలా ముంచి చంపకమ్మాయ్," అన్నాడు. "పళ్ళెంలో రాళ్ళు వెయ్యి. నిలబడి తాగుతాయి. ఈత రాదు ఆ బ్లడీ మంగ్రెల్స్‌కి."

మంగ్రెల్ అంటే ఊరకుక్క అని తర్వాత డిక్షనరీలో చూశాను. తన పెంపుడు ఈగల్ని తనే ఊరకుక్కలంటున్నాడు. చూసిన మరుక్షణం నాకు ఆయన మీద ఎక్కడలేని అభిమానం పుట్టుకొచ్చింది. ఇంత దూరం వచ్చాక, ముద్దొచ్చినదాన్ని తిట్టే మనిషి ఒకడు దొరికాడు!

గులకరాళ్ళు ఏరి పళ్ళెంలో వేశాను. వాటి మీద వాలి, మూతులు ఆనించి బుద్ధిగా తాగడం మొదలుపెట్టాయి. ఆ మర్నాటి నుంచి ఆయన్ని అంకుల్ అన్నాను. "నా సొంత మేనకోడళ్ళే నన్నలా పిలవరు" అని నవ్వాడు కానీ వద్దనలేదు.

అంకుల్ దొడ్లో రెండు తేనెపెట్టెలు ఉండేవి, తెల్ల రంగు వేసినవి. అవి ఆయనవి కావు, చనిపోయిన భార్యవి. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆయన వాటి దగ్గరికి కూడా వెళ్ళలేదట, భయం. ఆవిడ పోయాక ఎవరికో ఇచ్చేద్దామనుకుని, ఇవ్వలేక, పుస్తకాలు చూసి నేర్చుకున్నాడు. నేర్చుకున్నాడని అనడమే కానీ వచ్చింది అంతంతమాత్రం. ఈగలు కుట్టకుండా పొగ పెట్టే పొగడబ్బా వెలిగించడానికే సగం పూట పట్టేది. వలముసుగు సరిగ్గా కట్టుకోక మెడ మీద కుట్టించుకుని, "యూ బ్లడీ మంగ్రెల్స్!" అని దొడ్డంతా గెంతేవాడు. ఇవతల నేను ఒక చేత్తో బట్టల తీగ, ఒక చేత్తో కడుపు పట్టుకుని నవ్వేదాన్ని. "నవ్వు నవ్వు, నీకూ వస్తుంది టైమ్" అని అటునుంచి అరిచేవాడు.

అదొక్కటీ ఆ రోజుల్లో నా కాలక్షేపం. మా ఆయన కారు వీధి మలుపు తిరగ్గానే కాఫీ గ్లాసు పట్టుకుని వెళ్ళి కుళాయి పక్క గట్టు మీద కూర్చునేదాన్ని. కాస్త ఎండెక్కగానే ఒక్కొక్కటీ వచ్చేవి. వాటితో తెలుగులో మాట్లాడేదాన్ని. సిగ్గేమీ లేదు చెప్పడానికి. "ఏం, ఇప్పుడా రావడం? ఎక్కడెక్కడ తిరిగొచ్చారు? నెమ్మది, నెమ్మది, ఎవరూ లాక్కోరులే. దిక్కుమాలిన మూకా, చెయ్యి మీద వాలకండి, జడుపు నాకు." అవి వినేవి కావు, ఆ మాట నాకూ తెలుసు. కానీ నేను పెట్టిన నీళ్ళ కోసం వచ్చేవి. ఆ ఊళ్ళో నా ఇంటికి పని కట్టుకుని వచ్చేవి అవొక్కటే.

అంకుల్‌కి అటువైపు ఇంట్లో ఒక చిన్న కుటుంబం ఉండేది. వాళ్ళు కొత్తగా ఈత కొలను కట్టించుకున్నారు. ఎండలకి ఈగలు అక్కడికీ వెళ్ళాయి. వాళ్ళ పాపకి కాలి మీద కుట్టింది, పాదం బూరెలా వాచింది. ఆవిడ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేసింది. ఆవిడని నేనేమీ అనను. నా పిల్లయినా అంతే చేసేదాన్ని.

ఒకరోజు మా తలుపు తట్టిన చప్పుడైంది. ఆ ఇంటికి వచ్చాక ఎవరన్నా తలుపు తట్టడం అదే మొదలేమో. తీస్తే కౌన్సిల్ ఆఫీసరమ్మ, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో అట్టకి గుచ్చిన కాగితాలు. పక్కింటి తేనెపెట్టెల గురించి ఇరుగుపొరుగుని రెండు ప్రశ్నలు అడగాలంది. నా సంతోషం చూడాలి! మనిషి వచ్చింది, అందులోనూ నా ఈగల గురించి అడగడానికి వచ్చింది. కూర్చోబెట్టాను. వద్దంటున్నా వినకుండా కాఫీ కలిపాను, జంతికలు పెట్టాను. కిటికీలోంచి కుళాయి దగ్గరి పళ్ళెం చూపించాను.

"ఇవి మీకు న్యూసెన్స్‌గా ఉన్నాయా?" అని అడిగింది.

అమ్మ మాట! ఎన్నాళ్ళకి విన్నాను ఆ మాట! మొహం ఇంత చేసుకుని చెప్పాను. "అయ్యో, ఫుల్ న్యూసెన్స్ మేడమ్! హోల్ డే ఇక్కడే. తరిమినా పోవు. దే డోంట్ లీవ్ మీ అలోన్!"

నాకు తెలిసి అంతకన్నా ముద్దుగా చెప్పడం కుదరదు. మంచి మాటలు చెప్తే దిష్టి తగలదూ? ఆవిడ రాసుకుంది. "అంటే రోజూనా?" అంది. "రోజూ, రోజూ. సండే కూడా సెలవు లేదు" అన్నాను. అదీ రాసుకుంది. "థాంక్యూ, మీరు చెప్పింది చాలా ఉపయోగపడుతుంది" అని లేచింది. మిగిలిన జంతికలు కాగితంలో చుట్టి చేతిలో పెట్టాను. ఆ సాయంత్రం మా ఆయన గోడకేసి చూస్తూ తింటున్నా నాకు కోపం రాలేదు.

తర్వాత కొన్నాళ్ళకి అంకుల్ కంచె దగ్గరికి రావడం మానేశాడు. దొడ్లోకి వచ్చినా ఇటు చూసేవాడు కాదు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. ఉండబట్టలేక ఒకరోజు నేనే కంచె మీద చేతులు వేసి "అంకుల్, ఆర్ యూ ఆల్‌రైట్?" అని అడిగాను.

ఆయన దగ్గరికొచ్చాడు. మొహంలో కోపం లేదు, అందుకే నాకు భయం వేసింది. "ముందు నాతో చెప్పాల్సింది లవ్," అన్నాడు. "నీకంత ఇబ్బందిగా ఉంటే నేనే ఏదో ఒకటి చేసేవాణ్ణి కదా. కౌన్సిల్‌కి చెప్పడం ఎందుకు?"

"నేనేం చెప్పానంకుల్?"

జేబులోంచి కౌన్సిల్ నోటీసు తీసి ఇచ్చాడు. ఇటు పక్కవాళ్ళూ అటు పక్కవాళ్ళూ ఇద్దరూ పెట్టెలు న్యూసెన్స్ అని చెప్పారు కాబట్టి నెలలోగా తీసెయ్యాలి. అభ్యంతరం ఉంటే ఈలోపు చెప్పుకోవచ్చు. అంతే. అటు పక్కంటే పాప వాళ్ళమ్మ. ఇటు పక్క నేను. ఒక్క ఇల్లే ఫిర్యాదు చేసి ఉంటే సర్దుబాటు చేసుకోమనేవారట. రెండిళ్ళయ్యేసరికి ఇక సర్దుబాటు లేదు.

లోపలికొచ్చి డాక్టర్ ఆంటీకి ఫోన్ చేశాను. ఆవిడ ఎప్పుడో వచ్చి ఆ ఊళ్ళో స్థిరపడ్డ తెలుగావిడ, పండక్కి ఒకసారి భోజనానికి పిలిచింది, అంతే పరిచయం.

"అమ్మాయ్, యూ సెడ్ న్యూసెన్స్? టు ద కౌన్సిల్?" అంది ఆవిడ. "అయ్యో రామా! ఇక్కడ అది ఊరికే అనే మాట కాదమ్మా, ఇట్స్ ఇన్ ద రూల్స్. నువ్వు ఆ మాటన్నావంటే కంప్లైంట్ ఇచ్చినట్టే లెక్క. నవ్వుతూ అన్నా సరే."

"నేను ముద్దుగా అన్నానాంటీ!"

"ముద్దుగా అన్నావని వాళ్ళెక్కడ రాసుకుంటారు? దానికి కాలమ్ ఉండదు కదమ్మా." పక్కన వాళ్ళ పిల్ల "హూ ఈజ్ ఇట్, మమ్?" అని అడుగుతోంది. "వెళ్ళి చెప్పు, నో కంప్లైంట్ అని చెప్పు, దట్స్ ఆల్" అని ఫోన్ పెట్టేసింది.

ఆ రూల్సు నేను తర్వాత తెప్పించుకుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. మంచి రూల్సే. స్థలాన్ని బట్టి ఎన్ని పెట్టెలు ఉండొచ్చో, కంచెకి ఎంత ఎడంగా పెట్టాలో, ఈగలు బయటికొచ్చే వాకిలి ఎటువైపు ఉండాలో, వాటికి నీళ్ళు ఎక్కడ పెట్టాలో, అన్నీ రాశారు. అన్నిటికీ కొలతలున్నాయి. ఇరుగుపొరుగుకి న్యూసెన్స్ కాకూడదన్న వాక్యానికి మాత్రం కొలత లేదు.

ముందు అంకుల్ ఇంటికి వెళ్ళాను. కంచె మీద నుంచి కాదు, వీధి చుట్టూ తిరిగి, ముందు గుమ్మంలోకి. తలుపు తీసి అలాగే నిలబడ్డాడు. దిష్టి అంటే ఏమిటో నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. బాగుందంటే కళ్ళు పడతాయని, అందుకే ఇష్టమైనదాన్ని తిడతామని, మా అమ్మ నన్ను అలాగే పిలిచేదని. వింటూ వింటూ చివరికి అన్నాడు: "అయితే ఇష్టం లేనివాళ్ళని ఏమంటారు?"

"చాలా మంచివాళ్ళండీ అంటాం, అంకుల్."

ఆయన పెదవి చివర కదిలింది. "నాకు చెప్పి ఏం లాభం? కౌన్సిల్‌కి చెప్పు" అన్నాడు. తలుపు మాత్రం వేసేశాడు. వేశాక లోపల దగ్గు వినపడింది. నేను గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాను. పోయినావిడ చూసుకున్న పెట్టెలు. ఈ మనిషికి భార్య గుర్తుగా మిగిలినవి అవే, అవి నా మూలంగా పోతే ఈ కంచె పక్కన నేనెలా బతకాలి? ఇక్కడ నాకున్న ఒక్క మనిషి కూడా పోతాడు.

రాత్రి భోజనాల దగ్గర మా ఆయనకి చెప్పాను, నన్ను కౌన్సిల్ ఆఫీసుకి తీసుకెళ్ళమని. ఆయన విసుక్కున్నారు. "నీకెందుకే ఈ గొడవ? ఈగలు పోతే పీడా పోతుంది. అసలే డెడ్‌లైన్ మీద ఉన్నాం, రెండు వేలు నెత్తి మీదికొచ్చింది."

"మీ రెండు వేలు సంగతి నాకు తెలీదు. రేపు తీసుకెళ్తారా, నడిచి వెళ్ళమంటారా?"

నా గొంతు విని తలెత్తి చూశారు. మర్నాడు మధ్యాహ్నం ఆఫీసులో పర్మిషన్ పెట్టి వచ్చారు.

అదే ఆఫీసరమ్మ కౌంటర్ అవతల కూర్చుంది. నన్ను చూసి నవ్వింది, జంతికలు బాగున్నాయంది. నేను నా మాట వెనక్కి తీసుకుంటానన్నాను. ఆవిడ కాగితాలు తిరగేసింది.

"కానీ మీరు చాలా స్పష్టంగా చెప్పారు కదా. రోజంతా వస్తాయని, తరిమినా పోవని, ఒంటరిగా వదలవని. పక్కింటాయన మిమ్మల్ని ఏమన్నా అన్నారా?"

"నో, నో! ఆయన ఏమీ అనలేదు."

"మరి ఇప్పుడు ఏం మారింది?"

దిష్టి సంగతి ఎత్తుకున్నాను. అంకుల్ ముందు ఎలాగో వచ్చిన ఇంగ్లీషు అక్కడ రాలేదు. ఆవిడ ఓపిగ్గా వింది, పాపం, కానీ అర్థం కాలేదని మొహంలోనే తెలుస్తోంది. పక్కన మా ఆయన వాచీ చూసుకుంటున్నారు. ఆవిడ పెన్ను కింద పెట్టి, "సరే, సింపుల్‌గా అడుగుతాను," అంది. "ఆ తేనెటీగలు మీ ఇంటికి రావడం మీకు ఇష్టమా, ఇష్టం లేదా?"

అంత సూటిగా నన్నెవరూ ఏదీ అడగలేదు. మా ఇంట్లో ఇష్టమని ఎవరన్నా నోటితో చెప్తారా? మా అమ్మ చెప్పిందా? నేను మా ఆయనకి చెప్పానా, ఆయన నాకు చెప్పారా? చెప్పకపోతే పెట్టెలు పోతాయి.

"ఇష్టం," అన్నాను. "ఐ లైక్ దెమ్. ఐ లైక్ దెమ్ వెరీ మచ్. నోబడీ ఎల్స్ కమ్స్ టు మై హౌస్."

ఆఫీసరమ్మ నా వైపు కాకుండా మా ఆయన వైపు చూసింది. ఆయన వాచీ మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. నేను కౌంటర్ చెక్క మీదున్న గీతల్ని చూస్తూ నిలబడ్డాను, కళ్ళనీళ్ళు కారితే కారాయిలే అనుకుని.

ఆవిడ ఏదో కొట్టేసి, ఏదో రాసి, నా చేత సంతకం పెట్టించింది. ఇప్పుడు ఫిర్యాదు ఒక్క ఇంటిదే కాబట్టి పెట్టెలు ఉండొచ్చని, కొన్ని మార్పులు మాత్రం చెయ్యాల్సి వస్తుందని చెప్పింది.

కారు ఎక్కాక మా ఆయన తాళం తిప్పలేదు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నారు.

"మీరు అడిగారా?"

"ఎవరూ రారని... నేను రోజూ వస్తాను కదా."

"వస్తారు. వచ్చి గోడకేసి చూస్తారు. గోడకి చెప్పమంటారా?"

ఆయన తాళం తిప్పారు. ఆఫీసుకి వెళ్ళకుండా తిన్నగా ఇంటికి తీసుకొచ్చారు. ఆ పూట ఉన్నారు. ఏం మాట్లాడాలో తెలీక ఇద్దరం టీ తాగాం. అంతకన్నా పెద్ద మార్పేమీ రాలేదు, మర్నాటి నుంచి మళ్ళీ డెడ్‌లైనే. కాకపోతే కూర ఎలా ఉందంటే "ఉప్పు తక్కువైంది" అని చెప్పడం మొదలుపెట్టారు.

ఆ వారమే ఆఫీసరమ్మ వచ్చి అంకుల్ దొడ్లో మార్పులు చెప్పి వెళ్ళింది. పెట్టెల వాకిళ్ళు కొలనున్న ఇంటివైపు నుంచి తిప్పాలి. ఈగలు పైకి లేచి ఎగిరేలా అడ్డంగా ఎత్తుగా తడక కట్టాలి. నీళ్ళ తొట్టి ఆయన దొడ్లోనే, పెట్టెల దగ్గరే పెట్టాలి. అవి బయటి నీళ్ళకి అలవాటుపడితే మళ్ళీ కొలను మీదికే పోతాయి. అందుకని వెళ్తూ వెళ్తూ మా ఇంటికీ వచ్చింది. "సారీ," అంది. "మీ పళ్ళెం కూడా తీసెయ్యాలి. లేకపోతే ఆ తొట్టి దగ్గరికి వెళ్ళవు."

రూలు రూలే. ఆవిడ చెప్పింది న్యాయమే. నేనే కాళ్ళకి బలపం కట్టుకుని తిరిగి నిలబెట్టిన పెట్టెలు. ఆ పెట్టెలు ఉండాలంటే అవి నా ఇంటికి రాకూడదు. రాళ్ళు తీసేసి, పళ్ళెం కడిగి, కుళాయికి కొత్త వాషర్ వేయించి, లోపలికొచ్చి తలుపు వేసుకున్నాను.

మర్నాడు వచ్చాయి. ఎప్పటిలాగే, ఎండెక్కగానే. పళ్ళెం ఉండే చోట పొడి నేల మీద చుట్టూ తిరిగాయి. కుళాయి మూతి చుట్టూ తిరిగాయి. కిటికీలోంచి చూస్తూ "పొండి, పొండే, అక్కడ పెట్టారు మీకు, అక్కడికి పొండి" అంటూనే ఉన్నాను. ఆ మర్నాడు కొన్ని వచ్చాయి. ఆ తర్వాత ఇంకొన్ని తగ్గాయి. ఒకరోజు ఒక్కటి మాత్రం వచ్చి కుళాయి మీద వాలి, కాసేపుండి వెళ్ళిపోయింది. తర్వాత ఏవీ రాలేదు. నా అసలు ఏడుపు ఆ రోజే ఏడ్చాను, పట్టపగలు, వంటింట్లో నిలబడి. పుట్టింటి నుంచి బయల్దేరినప్పుడు కూడా అంత ఏడవలేదు.

అప్పుడే కంచె అవతల నుంచి "హలో!" అని వినపడింది. మొహం కడుక్కుని వెళ్ళాను. అంకుల్.

"అవి అటు వెళ్ళకూడదని రూలుంది," అన్నాడు. "నువ్వు ఇటు రాకూడదని రూలేం లేదు. నేను మొత్తం చదివాను."

అలా ఆయన దొడ్లో, తడక పక్కన, నాకొక కుర్చీ పడింది. ఆ వేసవి అక్కడే గడిచింది. ఆయన పెద్ద మాటకారేం కాదు. ఒక్కోసారి ఇద్దరం ఊరికే కూర్చునేవాళ్ళం, ఆయన వాటిని ఇంగ్లీషులో తిట్టేవాడు, నేను తెలుగులో తిట్టేదాన్ని. ఒంటరితనం పోయిందా అంటే పోలేదు. ఇల్లు అలాగే ఉంది, ఫోను అలాగే మూగగా ఉంది. కాసేపు పక్కన పెట్టడానికి చోటు దొరికిందంతే.

రెండు వేల సంవత్సరం వచ్చింది. ఏమీ ఆగలేదు. దీపాలు వెలిగాయి, బ్యాంకులు తెరిచారు, విమానాలు ఎగిరాయి. ఆగింది మా ఆయన కాంట్రాక్టు ఒక్కటే. వాళ్ళకి ఇక ఆయనతో పని లేదు. మెల్‌బోర్న్‌లో ఇంకో ఉద్యోగం దొరికింది. అక్కడ బోలెడంతమంది మనవాళ్ళున్నారని, నాకు బాగుంటుందని మా ఆయన పదే పదే చెప్పారు. పాపం, ఆయన నా కోసమే చెప్పారు.

సామాను కారులో సర్దాక చివరిగా కంచె దగ్గరికి వెళ్ళాను. అమ్మ పేరున్న పళ్ళెం అంకుల్‌కి ఇచ్చాను, ఆయన తొట్టి ఎప్పుడూ ఒలికిపోతూనే ఉంటుంది కదా అని. ఆయన ఆ చెక్కిన అక్షరాల్ని బొటనవేలితో నిమిరాడు. అదేమిటని అడగలేదు.

"మంగ్రెల్స్‌కి నువ్వు లేకపోతే తోచదు" అన్నాడు.

"నాకు తోస్తుందంకుల్. పీడా వదిలింది. ఫుల్ న్యూసెన్స్" అన్నాను.

ఆయన తలూపాడు. కంచె మీద నుంచి చెయ్యి చాచి, షేక్‌హ్యాండ్ ఇవ్వబోయి, మానేసి, నా తల మీద రెండుసార్లు తట్టాడు. ఇటువైపు చూడకుండా, పెట్టెలకేసి చూస్తూ అన్నాడు:

"యూ వర్ ఎ బ్లడీ న్యూసెన్స్, లవ్. ఇంత న్యూసెన్స్ పొరుగు నాకు జన్మలో తగల్లేదు."

అంటూనే వెనక్కి తిరిగి, పళ్ళెం చంకలో పెట్టుకుని, తడక వెనక్కి వెళ్ళిపోయాడు.

వచ్చి కారెక్కాను. మా ఆయన నా మొహం చూసి కంగారుపడ్డారు. "ఏమైందే? ఏమన్నాడాయన?"

"తిట్టాడండీ," అన్నాను. ఇంక ఏడుపు ఆగలేదు.